తండ్రిని వెదకిన కూతురు

వార్తలు చెప్పుట స్త్రీలకు క్రొత్తపని కాదు. ఎవరియింట బిడ్డ పుట్టినదో, ఎవరికి సంబంధము కుదిరినదో, ఎవరికి జబ్బుచేసినదో బావికడ నీళ్లు తోడుకొనుచు చెప్పుకొన్నది మన అవ్వలును అమ్మలునే. దానికి పురుషులు అమ్మలక్కల ముచ్చటలని పేరుపెట్టి నవ్విరి. అవే వార్తలు రాజ్యములను గూర్చినవైనపుడు, యుద్ధములను సంధులను గూర్చినవైనపుడు మాత్రము పురుషుని నోటనే వినవలెననిరి. ఈ అభిప్రాయము మనదేశమున మాత్రమే యుండెనని తలచువారుందురు. విద్యకును శాస్త్రవిజ్ఞానమునకును పేరుపడిన జర్మనీలోను చిరకాలము ఇట్లే సాగినది. అచ్చట ఆ కట్టుబాటును త్రెంచిన యొక వనితను గూర్చి మా సోదరీమణులకు ఈ నెల తెలుపదలచితిమి. ఆమె పేరు వీబ్కె బ్రూన్స్.

అయితే మేమీ వ్యాసము వ్రాయుటకు కారణమదియొక్కటే కాదు. దేశమునకెల్ల వార్తలు చదివి వినిపించిన యామెకు తన యింటి వార్త మాత్రము చిరకాలము తెలియదు. దానిని తెలిసికొని వ్రాయునప్పటికి ఆమెకు ముసలితనము వచ్చినది. ఆ కథయే మాకు ముఖ్యముగ దోచినది.

వార్తల పీఠము

పశ్చిమ జర్మనీలో "రెండవ జర్మను టెలివిజను" అను సంస్థ 1963లో ప్రసారములు మొదలుపెట్టెను. దాని దినవార్తలకు "హొయ్‌టె" యని పేరు. "నేడు" అని యర్థము. 1971వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఆ వార్తలు చదువు స్థానమున ఒక స్త్రీ కూర్చుండెను. ఆమెకప్పుడు ముప్పదిరెండేండ్లు. పెండ్లియైనది. ఇద్దరు బిడ్డల తల్లి. తూర్పు జర్మనీ టెలివిజనులో అంతకు కొన్నియేండ్లముందే ఒక స్త్రీ వార్తలు చదివినను, పశ్చిమ జర్మనీలో ఇదియే ప్రథమము.

అంతవఱకు టెలివిజనులో స్త్రీలు లేకపోలేదు. తరువాత వచ్చు కార్యక్రమమిదియని చిఱునవ్వుతో చెప్పి తొలగుట వారి పని. పాట యున్నదని చెప్పవచ్చును, నాటకమున్నదని చెప్పవచ్చును. మంత్రివర్గము కూలినదని మాత్రము చెప్పరాదు. స్త్రీ కంఠమున గాంభీర్యము చాలదనియు, దుర్వార్త చదువునపుడు ఆమె మనస్సు చలించుననియు, చూచువారి దృష్టి వార్తమీద నిలువక ఆమె కట్టుమీదికిని జుట్టుమీదికిని పోవుననియు వాదములు చెప్పువారుండిరి. బ్రూన్సు కనబడిన తరువాత ఆక్షేపించుచు జాబులు వచ్చినవి. అట్లు వ్రాసినవారిలో స్త్రీలును లేకపోలేదేమో! క్రొత్తదానిని కాదనుటలో స్త్రీపురుష భేదములేదు గదా.

ఆనాటి శాసనములను గూడ ఇచ్చట తలచుకొనవలెను. పశ్చిమ జర్మనీ పౌరస్మృతి ప్రకారము వివాహిత గృహకృత్యములకు భంగము రాకుండునంతవఱకే వెలుపల ఉద్యోగము చేయవచ్చును. ఈ నిబంధన 1977లో వివాహశాసనమును సంస్కరించునంతవఱకు పుస్తకములలో నిలిచియుండెను. 1971లో ఒక తల్లి వార్తల పీఠమున కూర్చుండుట ఎంతటి మార్పో దీనినిబట్టి ఊహింపవచ్చును. మఱియొక ప్రధాన సంస్థ తన వార్తలకు స్త్రీని నియమించుటకు ఇంకను ఐదేండ్లు పట్టెను. 1976లో డాగ్మార్ బెర్గ్‌హోఫ్ అనునామె ఆ స్థానమునకు వచ్చెను. తలుపు ఒకసారి తెఱచుకొన్న తరువాత వెనుకవచ్చువారికి త్రోవ సుగమమగును. మొదట నెట్టినవారి చేతులకే నొప్పి.

ఇంతగా పేరుతెచ్చిన యీ పదవిని బ్రూన్సు చిరకాలము పట్టుకొని వ్రేలాడలేదు. 1972లో జరిగిన ఎన్నికలలో విల్లీ బ్రాంట్ పక్షమున బాహాటముగ పనిచేసెను. వార్తలు చదువువారికి స్వంత యభిప్రాయమేలయని గొందఱు కోపించిరి. ఒకటి రెండేండ్లలోనే ఆమె ఆ పీఠమును విడిచిపెట్టెను. ఇతరులు వ్రాసినది చదువుటకంటె, తాను పోయి చూచి విచారించి వ్రాయుటయే ఆమెకు ప్రీతి.

పుట్టినిల్లు

ఈమె 1938వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన హాల్బర్‌ష్టాట్ అను ప్రాచీన పట్టణమున జన్మించెను. హార్జ్ కొండల సమీపమున నున్న ఆ యూరు కొయ్యదూలములతో కట్టిన పాతకాలపు ఇండ్లకు ప్రసిద్ధి. తండ్రి హాన్స్ గేయొర్గ్ క్లామ్రోట్. తరతరములుగ వర్తకము చేయుచు వచ్చిన సంపన్న కుటుంబమువాడు. తల్లి ఎల్సె, బాల్టిక్ సముద్రతీరమందలి విస్మార్ పట్టణపు ఆడపడుచు. వారికి ఐదుగురు బిడ్డలు. వీబ్కె కడగొట్టు కూతురు.

క్లామ్రోట్ కుటుంబమువారికి వ్రాసి దాచుకొను నలవాటుండెను. జాబులు, దినచర్యలు, ఛాయాచిత్రములు, బిడ్డల పెంపకమును గూర్చిన వ్రాతలు తరతరములవి వారి పెట్టెలలో నిలువయుండెను. ఈ సంగతి పాఠకురాండ్రు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పనియున్నది.

హాన్స్ గేయొర్గ్ మొదటి మహాయుద్ధమున బాల్యావస్థ దాటకమునుపే సైన్యమున చేఱెను. 1933లో హిట్లరు అధికారమునకు రాగానే నాజీ పక్షమున సభ్యుడయ్యెను, ఎస్.ఎస్. దళమునను చేఱెను. రెండవ మహాయుద్ధమున సైనిక గూఢచారి శాఖలో అధికారిగ పనిచేసెను. ఇట్టివాడు హిట్లరు చేతనే ఉరికంబమెక్కునని ఎవరును తలంపలేదు.

1944 జూలై 20వ తేదీన కర్నల్ ష్టౌఫెన్‌బెర్గు తూర్పు ప్రష్యాలోని హిట్లరు శిబిరమునకు తోలుసంచిలో బాంబు నుంచుకొనిపోయి, సమాలోచన జరుగుచున్న గదిలో బల్లక్రింద పెట్టి వెలుపలికి వచ్చెను. బాంబు ప్రేలినది, నలుగురు చచ్చిరి, హిట్లరు బ్రతికెను. ఆ రాత్రియే ష్టౌఫెన్‌బెర్గును కాల్చివేసిరి. తరువాత ఇంటింట అరెస్టులు మొదలైనవి. ఆ కుట్రకు ప్రేలుడుమందు సంపాదించినవారిలో బెర్న్‌హార్ట్ క్లామ్రోట్ అను సైన్యాధికారి యొకడు. అతడు హాన్స్ గేయొర్గునకు దూరపు జ్ఞాతియు, అల్లుడును. అల్లుడు మామకు సంగతి చెప్పియుండెను. మామ దానిని పైవారికి చెప్పలేదు. అతని నేరమంతయు ఇదియే. అతడు బాంబు చేయలేదు, మోయలేదు, విని యూరకుండెను.

ఆగస్టు 15వ తేదీన మామను అల్లునిని "ప్రజాన్యాయస్థానము" అను పేరుగల సభలో నిలువబెట్టిరి. అధ్యక్షుడు రోలాంట్ ఫ్రైస్లరు. నిందితులపై కేకలువేయుటయు, వారిని మాటాడనీయక అవమానించుటయు అతని న్యాయవిచారణ పద్ధతి. ప్రభుత్వము తన ప్రచారమునకై ఈ విచారణలకు చలనచిత్రము తీయించెను. అల్లునిని ఆ దినముననే ప్లెట్సెన్‌జే చెఱసాలలో ఉరితీసిరి. మామను ఆగస్టు 26వ తేదీన తీసిరి. నాటికి చిన్నకూతురికి ఆఱవయేడు నిండుటకు పదుమూడు దినములుండెను.

మన భారతీయులకు సంబంధించిన విషయమొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. ఆగస్టు 15న అదే సభలో నిలిచినవారిలో ఆడం ఫొన్ ట్రోట్ అనునతడుండెను. జర్మను విదేశాంగశాఖలో భారతదేశ వ్యవహారములకై యేర్పడిన ప్రత్యేకశాఖ ఇతని చేతిలోనిది. సుభాస్ చంద్రబోసుగారు 1941లో బెర్లిను చేరినది మొదలు 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామినెక్కి తూర్పుదిక్కునకు పోవువఱకు ఆయనతో వ్యవహరించిన ముఖ్యులలో నితడొకడు. ట్రోటును, క్లామ్రోటును ఒకేదినమున ఒకే చెఱసాలలో ఉరితీయబడిరి.

తల్లి మౌనము

భర్తయు అల్లుడును పదునొకండు దినముల యెడమున పోయిరి. కుటుంబము ద్రోహుల కుటుంబమని ముద్రపడినది. 1945 ఏప్రిల్ 8వ తేదీన హాల్బర్‌ష్టాట్ పట్టణముపై అమెరికా విమానములు బాంబులు కురిపించెను. యుద్ధము ముగియుటకు నెలదినములు మాత్రమే యుండగా ఆ పాతపట్టణమున చాలభాగము బూడిదయైపోయెను. రెండువేలకు పైగా జనులు మడిసిరి. పిమ్మట ఆ ప్రాంతము రష్యావారి వశమైనది. తరువాత తూర్పు జర్మనీలో చేఱినది. ఐశ్వర్యములో పుట్టి పెరిగిన ఎల్సె జీవనోపాధికి వెదకుకొనవలసివచ్చెను. స్వీడను రాజధానిలో కొంతకాలము ఉద్యోగము చేసెను. చిన్నకూతురి బాల్యము ఒకచోట నిలుకడగ సాగలేదు. ఊళ్లు మాఱెను, బడులు మాఱెను.

యుద్ధము ముగియగానే లోకమంతయు జూలై 20వ తేదీ వీరులను కొనియాడియుండునని మనము తలంతుము. అట్లు జరుగలేదు. ప్రమాణముచేసిన సైనికులు మాట తప్పిరని, ద్రోహులని, చాలమంది జర్మనులు చిరకాలము తలచిరి. 1952లో బ్రౌన్‌ష్వైగు న్యాయస్థానమున ఫ్రిట్జ్ బౌవర్ అను ప్రభుత్వ న్యాయవాది, వారిని ద్రోహులని దూషించిన యొక మాజీ సైన్యాధికారిని ముద్దాయిగ నిలిపి శిక్షింపజేసినపుడే, ఈ విషయమున న్యాయస్థానపు మాట మొదటిసారి బిగ్గరగ వినబడినది. అంతవఱకు ఉరితీయబడినవాని భార్య తలయెత్తి చెప్పుకొనుటకేమున్నది? ఎల్సె భర్తను గూర్చి బిడ్డతో అంతగ మాటాడలేదు. మాటాడకపోవుటకు మఱికొన్ని కారణములును గలవని కూతురికి చాలకాలమునకు గాని తెలియలేదు. తండ్రి యన నేమో ఎఱుగక, అడుగరాని విషయమని మాత్రమెఱిగి వీబ్కె పెరిగెను.

పత్రికా జీవనము

చదువు ముగించి హాంబర్గు నగరమున చరిత్రయు రాజనీతియు అభ్యసించెను. "బిల్డ్" అను బహుళ ప్రచారముగల దినపత్రికలో వృత్తి నేర్చుకొనుటకు చేఱి, దాని రాజకీయపు ధోరణి సరిపడక బయటికి వచ్చెను. అన్నము పెట్టు కొలువును అభిప్రాయభేదముచేత వదలుకొనుట ఏ వయస్సునను తేలిక కాదు. అప్పుడే వృత్తిలో కాలుపెట్టిన యువతికి మఱియు కష్టము. పిమ్మట టెలివిజను కార్యక్రమములలో పనిచేసెను. వెర్నెర్ బ్రూన్స్ అను నటుని పెండ్లాడెను. వార్తల పీఠము కథ పైన చెప్పితిమి. 1977లో భర్త గతించెను. ముప్పదితొమ్మిదవ యేట ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన యామెకు కలమే ఆధారమయ్యెను.

"ష్టెర్న్" అను సచిత్ర వారపత్రికకు విలేఖరియై మొదట జెరూసలేములోను, పిదప అమెరికా రాజధానియగు వాషింగ్టనులోను ఆమె పనిచేసెను. జర్మను వనితయై, నాజీ పక్షపు సభ్యుని కూతురై, యూదుల దేశమునకు పోయి యచ్చటి వృత్తాంతములు వ్రాయుట యెట్టిదో మా సోదరీమణులు ఊహించుకొందురు గాక. ఎవరి బంధువులను తనదేశమువారు చంపిరో వారి గుమ్మములోనే నిలిచి ప్రశ్నలడుగవలెను. ఎదుటివారు "నీ తండ్రి ఆ కాలమున నేమి చేయుచుండెను?" అని యడిగినచో చెప్పుటకు ఆమెయొద్ద సరియైన జవాబు లేదు.

1979లో ఒకనాడు టెలివిజనులో జూలై 20వ తేదీని గూర్చిన చిత్రము ప్రదర్శింపబడినది. నాజీలు తీయించిన ఆ విచారణల చిత్రములందు చూపబడెను. దానిని చూచుచుండగా ఫ్రైస్లరు ముందర నిలిచిన యొక మనుష్యుడు కనబడెను. అతడు హాన్స్ గేయొర్గ్ క్లామ్రోట్! తండ్రి ముఖము చూచినట్లు ఆమెకు జ్ఞాపకమే లేదు. తన పోలికలు ఆ ముఖమున నుండుటచేత తనవాడని తెలిసినది. అంతకుమించి ఏమియు తెలియదు. వేలకొలది ఇండ్లలోనికి తన ముఖమును పంపిన యదే టెలివిజను పెట్టెలో, శత్రువులు తీసిన చిత్రమునందు, నలుబదియేండ్ల వయస్సున ఆమెకు పితృదర్శనమైనది.

నాలుగేండ్లకు, 1983లో, ఆమె విలేఖరిగనున్న ష్టెర్న్ పత్రిక "హిట్లరు దినచర్యలు" దొరకినవని లోకమునకు చాటినది. వానికై దాదాపు 93 లక్షల మార్కులు చెల్లించిరి. రెండు వారములలోనే అవి కూటసృష్టియని ప్రభుత్వపు ప్రాచీనపత్ర భాండాగారమువారు తేల్చిరి. కాగితమును బైండును యుద్ధానంతరపు సరకులు. లేని దినచర్యల కొఱకు అంతధనము గుమ్మరించిన ఆ కాలమున, ఉన్న దినచర్యలు ఒక కుటుంబపు పెట్టెలలో చదువువారు లేక పడియుండెను. వానిని తెఱచుటకు కావలసినది ధనము కాదు, ధైర్యము.

పెట్టె తెఱచినప్పుడు

బ్రూన్సు తుదకు ఆ పెట్టెలు తెఱచెను. తాతముత్తాతలనాటి జాబులనుండి తండ్రి కడపటి దినములవఱకు ఓపికగ చదివెను. పరదేశములకు పోయి విచారించుటలో అలవడిన నేర్పును తన పుట్టినింటిపై ప్రయోగించెను. ఫలితముగ 2004లో, ఆ కుట్ర జరిగిన అఱువదియవ సంవత్సరమున, "నా తండ్రి దేశము" అను నర్థముగల పేరుతో ఆమె గ్రంథము వెలువడెను. జర్మనీలో అది విరివిగ అమ్ముడుపోయినది, ఆంగ్లములోనికిని అనువదింపబడినది.

ఉరితీయబడిన తండ్రిని గూర్చి కూతురు వ్రాసిన గ్రంథమనగా స్తోత్రపాఠమై యుండునని తలంతుము. ఇది యట్టిది కాదు. ఆమె వీరుని వెదకబోయి మనుష్యుని కనుగొన్నది. అతడు చమత్కారి, సంగీతప్రియుడు, బిడ్డలయెడ మక్కువగలవాడు. అతడే నాజీ పక్షమున చేఱినవాడు. పొరుగున తరతరములుగ కాపురమున్న యూదులు తఱుమబడుచున్నప్పుడు ఇంటివారేమి చూచిరి, ఏమనుకొనిరి, ఏల మాటాడకుండిరి యని ఆమె మాటిమాటికి అడుగును. కుటుంబపు కాగితములలో పండుగలును విందులును వర్ణింపబడిన చోట్ల, వ్రాయక విడిచినదేమని వెదకును. ఇది విలేఖరి కన్ను.

గృహమునకు సంబంధించిన మఱొక బాధయు ఆమె దాచలేదు. తండ్రి పరస్త్రీలయందు ఆసక్తుడు. తల్లి ఆ సంగతి యెఱిగి కుమిలెను. ఉరికంబమెక్కిన భర్తను నిందించుట లోకమునకు సరిపడదు. మోసగించిన భర్తను కొనియాడుట మనస్సునకు సరిపడదు. ఇట్టి యిరకాటమున బడిన యాడుది మౌనము గాక మఱేమి పట్టును? చిన్నతనమున ఆ మౌనమును కఠినత్వమని తలచిన కూతురు, తల్లి జాబులు చదివిన మీదట దానిలోని దుఃఖమును గుర్తించినది. తండ్రి కొఱకు ప్రారంభించిన యన్వేషణలో ఆమెకు తల్లి దొరకినదని మాకు తోచుచున్నది.

ఇట్టివి బయలుపెట్టుట ధర్మమా యని మా పాఠకురాండ్రలో కొందఱు శంకింపవచ్చును. మన సంప్రదాయమున గతించిన పెద్దల దోషము లెన్నుట పాపమందురు. గృహచ్ఛిద్రములు వీధికెక్కరాదని పెద్దలమాట. మేమును దీనిని గూర్చి ఆలోచించితిమి. కన్నవారిని అవమానించుటకై వ్రాసినచో అది తప్పే. కాని ఈమె వ్రాతలో పగలేదు, ఎగతాళిలేదు. నేనచ్చట నుండినచో నేమి చేసియుందునని తన్ను తానడుగుకొను వినయము గలదు. మంచివారుగ పేరుపొందిన సంసారులు, చదువుకొన్నవారు, బిడ్డల తలనిమురువారు అంతటి దౌర్జన్యమునకు ఎట్లు చేయూతనిచ్చిరో తెలియవలెనన్న, పరుల యిండ్లలో వెదకిన చాలదు. తన యింటి తలుపుతట్టిన దామె యొక్కతె.

ఆ గ్రంథమును గూర్చి తలచినపుడు మాకొక విషయము మనస్సున నాటుకొన్నది. క్లామ్రోట్ రెండుమార్లు మౌనము వహించెను. అన్యాయము ఊరిలో నడచునపుడు వహించిన మౌనమునకు అతనికి శిక్షలేకపోయినది. పైగా మర్యాదయు పదవియు నిలిచినవి. అల్లుడు చెప్పిన రహస్యమును దాచిన మౌనమునకు ఉరి పడినది. ఒకే నోటి రెండు మౌనములు. ఒకటి పిఱికితనము, ఒకటి మనుష్యత్వము. వీనిని వేఱుపఱచి చూపుటకు కూతురు ఒక గ్రంథమే వ్రాయవలసివచ్చెను.

2012లో ఆమె తన వృత్తిజీవితపు జ్ఞాపకములను "వార్తల కాలము" అను నర్థముగల పేరుతో ప్రకటించెను. 2019 జూన్ 20వ తేదీన, ఎనుబదియేండ్ల వయస్సున, పరలోకగతురాలయ్యెను. ఆమె మరణవార్తను ప్రకటించిన పత్రికలన్నియు "మొదట వార్తలు చదివిన వనిత" యనియే తలచినవి. ఆ పీఠమున ఆమె కూర్చుండినది కొలదికాలము. తండ్రి కాగితముల ముందర కూర్చుండినది అనేక సంవత్సరములు.

మన యిండ్లలోను అటకలమీద పాతపెట్టెలున్నవి. తాతగారి జాబులు, అమ్మమ్మ లెక్కల పుస్తకములు, పేరెవరో తెలియని ఛాయాచిత్రములు పండుగకు ఇల్లు దులుపునప్పుడు బయటికి వచ్చి, మరల పైకెక్కును; కొన్ని పాతకాగితములవానికి పోవును. ఈ మాఱు దులుపునప్పుడు మా సోదరీమణులు ఒక్క గడియ కూర్చుండి వానిని విప్పిచూతురు గాక. ఇంటిలో అడుగుటకు పెద్దవారెవరైన మిగిలియున్నచో, ఆ ఛాయాచిత్రములోని వారెవరని నేడే యడుగుదురు గాక. వీబ్కె బ్రూన్సు ప్రశ్నలు సిద్ధపఱచుకొనునప్పటికి, తండ్రిని గూర్చి సర్వమెఱిగిన తల్లి జవాబు చెప్పుటకు లేదు.